బతుకు కబురు

సైరన్ మోగుతోంది.

మీ కుడిచేతిలో సూది. ఎడమచేతి వేళ్ల మధ్య కోడిగుడ్డు. పెంకుకి గోరంత కిటికీ కోసి ఉంది. అందులోంచి చూస్తే పచ్చసొన మీద ఎర్రటి దారాల అల్లిక, దాని మధ్య టపటపా కొట్టుకునే ఎర్ర చుక్క. అది గుండె. పొదగడం మొదలై మూడు రోజులే అయింది కాబట్టి దాన్ని పిల్ల అనడానికి నోరు రాదు. ముడుచుకుని పడుకున్న కామాలా ఉంది. దాని పక్కన ఆవగింజ అంత కూడా లేని బుడిపె ఒకటి. ముందు ముందు రెక్క కావలసింది అదే.

మీరు కోయాల్సింది ఆ బుడిపెనే.

ఈ చేతులు మీవి కావు లెండి. రీటా లెవీ-మొంతాల్చీని అనే ముప్పై మూడేళ్ల డాక్టరువి. కాసేపు అరువు తీసుకోండి. ఊరు ఇటలీలోని ట్యూరిన్. 1942, చలి మొదలవుతున్న రోజులు. ఆకాశంలో బ్రిటిష్ బాంబర్లు వస్తున్నాయి. మీరున్నది ప్రయోగశాల కూడా కాదు, పడకగది. మూల గుడ్లు పొదిగే పెట్టె, బల్ల మీద మైక్రోస్కోపు, వాచీలు రిపేరు చేసేవాళ్ల చిమటా, కంటి డాక్టర్ల చిట్టి కత్తెర. మీ చేతిలో ఉన్న శస్త్రం బట్టలు కుట్టుకునే సూది. సానరాయి మీద నూరి నూరి దాన్ని ఇలా తయారు చేశారు.

పడకగదిలో ఎందుకంటే వేరే చోటు లేదు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు లేవంది. రీటా యూదు. ఆమె గురువు జుసెప్పే లెవీ కూడా. పెద్ద ప్రొఫెసరు ఇప్పుడు శిష్యురాలి పడకగదిలో ఆమెకే సహాయకుడు. మనిషి భారీ. ఆయన అటు నుంచి ఇటు తిరిగితే బల్ల మీది గాజుపలకలకి గండమే.

సైరన్ ఆగడం లేదు. సూది అక్కడే పడేసి మెట్లు దిగుతారా? కోత పూర్తి చేసి, కిటికీ మూసి, గుడ్డుని వెచ్చని పెట్టెలో పెట్టి అప్పుడు దిగుతారా? సగం కోసిన గుడ్డు రేపటికి ఎందుకూ పనికిరాదు. పైగా యుద్ధకాలంలో పొదిగే గుడ్డు దొరకడం మాటలా? పెట్ట పెట్టిన ప్రతి గుడ్డులోనూ పిల్ల తయారవదు, పుంజు తోడుండాలి. ఇంకొన్నాళ్లకి బాంబుల భయంతో కుటుంబమంతా కొండల్లోని పల్లెకి వెళ్లిపోయాక, రీటా సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి రైతులని గుడ్లు అడుగుతుంది. పిల్లలకి అంటుంది. పుంజు తిరిగే దొడ్డివైతే బలమంటుంది. నిజానికి ఆమెకి పిల్లలు లేరు. కోత అయ్యాక మిగిలిన సొన మాత్రం వృథా కాదు, అట్టు అయి ఇంటివాళ్ల పళ్లెంలోకి వస్తుంది. ఆ అట్టు ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాక ఆమె అన్నగారు ముట్టడం మానేస్తాడు.

కోయండి. చెయ్యి వణక్కూడదు. బుడిపె సూదిమొన మీదికి వచ్చేసింది. కిటికీ మూయండి. పెట్టెలో పెట్టండి.

ఇప్పుడు పరుగు. ఏం పట్టుకెళ్తారు? చేతులు రెండే. రీటా తీసుకెళ్లేవి ఇవి: జైస్ కంపెనీ జంట కళ్ల మైక్రోస్కోపు, వెండి రంగు పట్టించిన గాజుపలకల్లో మేలైనవి.

మెట్లు. చీకటి. ఎక్కడో దద్దరిల్లింది. గోడ సున్నం నెత్తిన రాలుతోంది. పలకల పెట్టె పొట్టకి అదుముకోండి. ఇంకోటి పడింది. దూరం. ఇంకోటి. దగ్గర. ఊపిరి బిగబట్టండి.

ఆగింది.

ప్రాణానికి సమానంగా మోసుకొచ్చిన ఆ పలకల్లో ఏముంది?

కోడిపిండాలని వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి పరిచిన ముక్కలు. వెండి లవణం పట్టడంతో లేత పసుపు నేల మీద నాడీకణాలు నల్లగా, గోధుమగా తేలతాయి. ఒక్కోదాన్ని లెక్కపెట్టవచ్చు. రీటా లెక్కపెడుతోంది. ఎందుకంటే, రెండేళ్ల కిందట రైలులో వెళ్తూ ఒక వ్యాసం చదివింది. పశువుల పెట్టె లాంటి ఆ బోగీలో నేల మీద కూర్చుని, కాళ్లు బయటికి వేలాడేసుకుని. రాసినవాడు విక్టర్ హాంబర్గర్, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్థిరపడ్డ జర్మన్ శాస్త్రజ్ఞుడు. ఆయన 1934లోనే పిండం రెక్క మొలకని కోసి చూశాడు. రెక్క లేని వైపు, వెన్నులో ఆ రెక్కకి పోవలసిన నాడీకణాలు బాగా తగ్గిపోయాయి. రెక్క నుంచి పిలుపు వెళ్తేనే కొత్త కణాలు నాడీకణాలుగా తయారవుతాయని, రెక్క లేకపోతే పిలుపూ లేదు, కణాలూ లేవని ఆయన ఊహ.

అంటే ఆ కణాలు అసలు పుట్టలేదు అన్నమాట. రీటాకి అక్కడే అనుమానం. పుట్టకపోవడం వేరు, పుట్టి పోవడం వేరు. తేల్చాలంటే ఒక్కరోజు చూస్తే చాలదు. ఇవాళ ఒక పిండం, రేపు ఒకటి, ఎల్లుండి ఒకటి కోసి, రోజువారీ జనాభా లెక్క తీయాలి. తీసింది. రెక్క ఉన్న వైపూ లేని వైపూ మొదటి రోజుల్లో కణాలు సమానంగానే ఉన్నాయి. తంతువులు సాచి బయల్దేరాయి కూడా. ఆ తర్వాత రెక్క లేని వైపు గుంపులు గుంపులుగా పోయాయి.

ఎందుకు పోయాయో తెలియాలంటే బయట నిలబడి చూస్తే కుదరదు. పలకలోకి రండి. ఇక్కడ ఒక మనవి: కణాన్ని మీరు, గారు అని పిలవడం నప్పదు. కాసేపు మిమ్మల్ని నువ్వు అంటాను. ఏమీ అనుకోకండి.

నువ్వు వెన్ను పక్కన ఉన్నావు. చుట్టూ నీలాంటివాళ్లే వేలమంది, ఒకరినొకరు ఒత్తుకుంటూ ఒక ముడిలా ఉన్నారు. దాన్నే గాంగ్లియాన్ అంటారు. నీకు కళ్లు లేవు. చెవులు లేవు. నీ ఒంట్లోంచి ఒక తంతువు బయటికి సాగుతోంది, దాని కొసన అరచెయ్యి లాంటిది ఉంది. ఆ చేతికి పలచని వేళ్లు, క్షణక్షణం చాస్తూ, ముడుస్తూ. తడుముకుంటూ వెళ్లడమే నీ నడక. ఒకచోట నేల జిగటగా, కాలు నిలిచేలా ఉంటుంది, అటు పోతావు. ఒకచోట చురుక్కుమంటుంది, వేళ్లు వెనక్కి లాక్కుని పక్కకి తిరుగుతావు. రెక్క ఎటుందో నీకెవరూ చెప్పలేదు.

ఎంత దూరం? కోడిపిండంలో కొద్ది మిల్లీమీటర్లే. అదే పెద్ద మనిషిలో అయితే నడుము దగ్గర నుంచి కాలి బొటనవేలి దాకా, మీటరు. నీ ఒళ్లు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. నీ ఒంటిని ఐదు మీటర్ల గది అనుకుంటే నీ చెయ్యి 250 కిలోమీటర్లు సాగాలి. హైదరాబాద్‌లో గదిలో కూర్చుని ఇంచుమించు విజయవాడ దాకా చెయ్యి చాపడం.

దారిలో ఆకలి లేదు. ఇది గుర్తుపెట్టుకో. నడుస్తున్నంతసేపు నీకు బయటి నుంచి ఏమీ అక్కర్లేదు. చేరే వేళకి ఆకలి పుడుతుంది. నీ చేతివేళ్ల మీద కొత్తగా చిన్న చిన్న నోళ్లు మొలుస్తాయి. అవి ఒకే ఒక్క పదార్థం కోసం తెరుచుకుంటాయి.

చేరావు. ఇక్కడ రెక్క ఉండాలి.

లేదు.

తడుముతావు. అటు ఖాళీ. ఇటు ఖాళీ. వేళ్లు చాస్తావు. ముడుస్తావు. మళ్లీ చాస్తావు.

ఏమీ లేదు.

గంటలు గడుస్తున్నాయి. నోళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరూ ఏమీ పెట్టలేదు. తంతువు వెంట ఒళ్లు దాకా ఏ కబురూ రావడం లేదు.

నీకు శత్రువు లేడు. విషం లేదు. దెబ్బ తగల్లేదు. కత్తి నీలోనే ఉంది. పుట్టుకతోనే ఒరలో పెట్టి ఇచ్చారు. దాన్ని అణిచిపెట్టమని కబురు రావాలి. రాలేదు. ఒర ఊడింది. నీలోని ఎంజైములు నిన్నే కోస్తున్నాయి. గోడలు. దూలాలు. కేంద్రకం ముడుచుకుంటోంది. పైపొర బుడగలు తేలుతోంది. ముక్కలవుతున్నావు. చప్పుడు లేదు. పక్కవాళ్లకి తెలియదు. ఊడ్చేవాళ్లు వచ్చారు. మింగేశారు.

అక్కడ నువ్వు ఉన్నావనడానికి గుర్తు కూడా లేదు.

1972లో ఈ చావుకి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆకు రాలడం అని. ఆకులు రాలాక చెట్టు నిలబడే ఉంటుంది కాబట్టి మంచి పేరే.

సరే, వెనక్కి తిప్పుదాం. ఈసారి రెక్క ఉంది.

నీ చేతివేళ్లు లేత చర్మాన్ని తాకాయి. ఆ చర్మకణాలు ఒక ప్రొటీన్‌ని వదులుతున్నాయి. వదలడం కూడా ఎంత పిసినారితనంగా! వచ్చినవాళ్లందరికీ చాలనంత. నీ పక్కన ఇంకో చెయ్యి, దాని పక్కన మరోటి. నీ నోటికి ఒక అణువు అందింది. గబుక్కున మూసుకున్నావు. నోరూ ముద్దా కలిపి లోపలికి లాగేశావు, చిన్న సంచీలో మూటగట్టావు. తంతువు లోపల పట్టాలున్నాయి. ఆ పట్టాల మీద నడిచే మోత ప్రొటీన్ ఆ సంచీని భుజాన వేసుకుని నీ ఒంటి వైపు బయల్దేరింది. వస్తోంది. కేంద్రకం దాకా వచ్చింది. మూటలో ఉన్నది ఒకటే మాట.

బతుకు.

కత్తి ఒరలోనే ఉండిపోయింది. తంతువు గట్టిపడింది, కొమ్మలు వేసింది. నీ పక్కవాడికి అందలేదు. వాడు రాలిపోయాడు. కోడిపిండం వెన్నుపాములో కండరాలకి పోయే నాడీకణాల్లో సుమారు సగం ఇలాగే పోతాయి. జబ్బుతో కాదు, ఆరోగ్యంగా పెరిగే పిండంలోనే. ఇంత వృథా దేనికంటే, ఎంత కండరానికి ఎన్ని కణాలు కావాలో ముందే లెక్కకట్టి పుట్టించే యంత్రాంగం ఒంట్లో లేదు. రైతు ఆకుకూర విత్తనాలు ఒత్తుగా చల్లి, మొలిచాక పీకి పలచన చేస్తాడే, అదే పద్ధతి. పీకే చెయ్యి మాత్రం లేదు. ఎరువు అందనిది దానంతటదే పోతుంది.

ఇక మీరు మళ్లీ మీరే. మీ నోటికి అందిన ఆ ముద్దకి 1942లో పేరు లేదు. అలాంటిదొకటి ఉంటుందని కూడా ఎవరికీ తెలియదు. ఇటాలియన్ పత్రికలు యూదుల పేరుతో వ్యాసం వేయవు కాబట్టి రీటా తన లెక్కల్ని బెల్జియంకి పంపి అచ్చు వేయించుకుంటుంది. 1943 సెప్టెంబర్‌లో జర్మన్ సైన్యం ఇటలీని ఆక్రమిస్తుంది. గుడ్లు, సూదులు అన్నీ వదిలేసి దొంగపేర్లతో ఫ్లోరెన్స్‌లో దాక్కోవలసి వస్తుంది. యుద్ధం ముగిశాక ఆ అచ్చు కాగితాలు తిరిగి తిరిగి హాంబర్గర్ చేతిలో పడతాయి. తన ఊహని కాదన్న మనిషిని ఆయన సెయింట్ లూయిస్‌కి పిలుస్తాడు. ఇలాంటివాళ్లు తక్కువ. 1947లో ఆమె ఓడెక్కుతుంది, కొన్ని నెలలకని. ఉండేది ముప్పై ఏళ్లు.

మీరు ఇప్పుడు విమానంలో ఉన్నారు. 1952. ఒళ్లో చిన్న అట్టపెట్టె. లోపల గరగర చప్పుడు. పక్క సీటాయన మీ వైపు చూస్తే పెట్టె మీద చెయ్యి వేయండి. లోపల రెండు ఎలుకలున్నాయి, రెండింటికీ క్యాన్సర్ కణితులు. వెళ్లేది బ్రెజిల్, రియో డి జనీరో.

కణితులు ఎందుకంటే, ఎలుక కణితిని కోడిపిండంలో నాటితే నాడీ తంతువులు పిచ్చెక్కినట్టు దానిలోకి చొరబడుతున్నాయని హాంబర్గర్ శిష్యుడు ఎల్మర్ బ్యూకర్ 1948లో చూపించాడు. రీటా ఇంకో మెట్టు ఎక్కింది. కణితిని పిండంలో కాక గుడ్డు లోపలి పొర మీద, పిండానికి తాకకుండా పెట్టింది. అయినా తంతువులు చెలరేగాయి. తాకకుండానే చేరుతోందంటే అది కరిగి, నెత్తురులో ప్రయాణించే వస్తువన్నమాట. దాన్ని పట్టుకోవాలి. గుడ్డులో పట్టుకోవాలంటే వారాలు పడుతుంది. గాజు మీద పట్టుకుంటే ఒక్కరోజు చాలు. గాజు మీద కణాలు పెంచే విద్య రియోలో హెర్తా మేయర్‌కి తెలుసు. ఆవిడా యూదే, ఒకప్పుడు ట్యూరిన్‌లో లెవీ దగ్గరే పనిచేసి అటు వెళ్లిపోయిన మనిషి.

గాజుబిళ్ల మీద ఒక బొట్టు వేయండి. బొట్టులో కోడిపిండం నుంచి తీసిన గాంగ్లియాన్ ఒకటి. దానికి కొంచెం ఎడంగా ఎలుక కణితి ముక్క. బొట్టు గడ్డకట్టాక బిళ్లని బోర్లించి గుంట ఉన్న పలక మీద పెట్టండి. బొట్టు కిందికి వేలాడుతూ ఉంటుంది. వెచ్చగా ఉంచండి. రేపు చూద్దాం.

రేపు: ఏమీ లేదు.

మళ్లీ వేయండి. మళ్లీ ఏమీ లేదు. ఇంతదూరం ఎలుకల్ని మోసుకొచ్చింది దీనికా? చేతిలో ఉన్నవి ఈ కణితులే. ఒక దారి మిగిలింది. కణితిని నేరుగా ఎలుక నుంచి కాక, ముందు కోడిపిండంలో కొన్నాళ్లు పెంచి, అక్కడి నుంచి ముక్క తీసి పెట్టడం. పెట్టండి. పడుకోండి. నిద్ర పడితే.

తెల్లారింది. కన్ను మైక్రోస్కోపుకి ఆనించండి.

గాంగ్లియాన్ చుట్టూ వెలుగు వలయం. ఒక్క రాత్రిలో వందల తంతువులు అన్ని దిక్కులకీ, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు నిలబడ్డాయి. కణితి వైపు ఇంకా దట్టంగా ఉన్నాయి. రీటా సూర్యుడి చుట్టూ కిరణాలతో పోల్చింది. నాకైతే ఆ ఫొటో చూసినప్పుడల్లా వానాకాలపు కదంబ పువ్వు గుర్తొస్తుంది. ఆమె వెంటనే సిరాతో బొమ్మలు గీసి హాంబర్గర్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది, దాచడం తప్పు. కణితి లేని మామూలు ఎలుక కండ ముక్క పెట్టినా కొంచెం వలయం వస్తోంది. ఆమెకి అది అస్సలు నచ్చలేదు. కథ చెడగొట్టే సాక్షి. ఆ సాక్షి చెప్పింది నిజమేనని ఇంకొన్నాళ్లకి తెలుస్తుంది.

1953లో సెయింట్ లూయిస్ ప్రయోగశాలకి స్టాన్లీ కోహెన్ వచ్చాడు, జీవరసాయనం తెలిసినవాడు. నోట్లో పైపు, వెంట ఒక ఊరకుక్క. కణితుల్ని నూరి, వడగట్టి, వేరుచేసి, చివరికి ప్రొటీనూ కేంద్రకామ్లమూ కలిసిన ఒక పదార్థం దాకా వచ్చాడు. పనిచేసేది రెంటిలో ఏది? కేంద్రకామ్లాన్ని తినేసే ఎంజైము వేస్తే తేలిపోతుంది. ఆ ఎంజైము పాము విషంలో బోలెడు ఉంటుంది, అది వాడి చూడమన్నాడు జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఆర్థర్ కోర్న్‌బర్గ్.

గాజుబిళ్లలు పేర్చండి. మొదటిది: కణితి రసం. రెండోది: కణితి రసం, దాంట్లో విషం చుక్క. మూడోది: ఒట్టి విషం. మూడోది ఎందుకంటే పద్ధతి కాబట్టి. దాని నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు.

కన్ను ఆనించండి. మొదటిది, వలయం. రెండోది, ఇంకా పెద్ద వలయం. అదేమిటి? విషం వేస్తే తగ్గాలి కదా? మూడోది.

మూడోదాంట్లోనూ దట్టమైన వలయం ఉంది.

పొరపాటున కలిసిందా? మళ్లీ చేయండి. అదే. కాటువేస్తే చంపే ద్రవంలో, నాడీకణాన్ని బతికించే పదార్థం కణితిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడ కోహెన్ అడిగిన ప్రశ్న నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ ఇష్టం. విషం ఊరే తిత్తి నిజానికి ఏమిటి? రూపు మారిన లాలాజల గ్రంథి. మరి ఎలుకకీ లాలాజల గ్రంథులు ఉన్నాయిగా? కోసి చూశాడు. మగ ఎలుక దవడ కింది గ్రంథి నిండా అదే. రియోలో మామూలు ఎలుక కండ చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు, ఆ పదార్థం ఎలుక ఒంట్లోనే ఉంది. దానికి నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎన్‌జీఎఫ్ అని పేరు పడింది. అది ఒక ప్రొటీన్, 118 అమైనో ఆమ్లాల గొలుసు అని 1971లో తేలింది.

ఇప్పటిదాకా ఇచ్చి చూశారు. ఇవ్వకుండా చూడాలి. కుందేలుకి ఎన్‌జీఎఫ్ ఎక్కిస్తే దాని నెత్తురు ఆ ప్రొటీన్‌ని పట్టి కట్టేసే యాంటీబాడీల్ని తయారుచేస్తుంది. ఆ సీరాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి రోజూ ఎక్కించండి. కొన్ని వారాలు ఆగండి. పిల్లలు గెంతుతున్నాయి, తింటున్నాయి, బరువు పెరుగుతున్నాయి. తేడా ఏమీ లేదే? కోసి, వెన్ను పక్కన గొలుసులా ఉండాల్సిన సింపథెటిక్ గాంగ్లియాన్‌ల కోసం వెతకండి. గుండె వేగాన్నీ రక్తనాళాల బిగువునీ చూసుకునే నాడీకణాల ముడులవి. వెతకండి. దాదాపు మాయం. 1960లో ఈ ఫలితం అచ్చయింది. రెక్క కోయలేదు, కణాన్ని ముట్టలేదు. కబురుని దారిలో ఆపేశారు, అంతే.

మనం ఇంతసేపూ వెన్ను పక్కనే తిరిగాం, మెదడులోకి అడుగు పెట్టలేదు. మెదడులోనూ ఇలాంటి కబుర్లు ఉండాలని అనుకున్నవాళ్లలో ఈవ్ బార్డ్, హాన్స్ టోనెన్ ఉన్నారు. మ్యూనిక్ దగ్గర వాళ్ల ప్రయోగశాలలో మీ ముందు కిలోన్నర పంది మెదడు పెడతారు. నూరండి. వడగట్టండి. పనికిరానిది పారేయండి. మళ్లీ. మళ్లీ. పది లక్షల రెట్లకి పైగా శుద్ధి చేశాక మిగిలేది మహా అయితే ఒక మైక్రోగ్రాము, గ్రాములో పది లక్షలో వంతు. కంటికి ఆనదు. గాజుబిళ్ల మీద కోడి నాడీకణాలకి వేస్తే మాత్రం అవి బతుకుతాయి, తంతువులు సాచుతాయి. 1982లో ఆ పదార్థం లోకానికి తెలిసింది. ఇవాళ దాన్ని బ్రెయిన్ డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్, బీడీఎన్‌ఎఫ్ అంటున్నారు.

ఇక్కడ కథ కొంచెం మెలిక తిరుగుతుంది. బీడీఎన్‌ఎఫ్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో లోపలి చెవి నుంచి ఒంటి సమతూకం చూసే నాడీకణాలు బాగా నష్టపోతాయి. మెదడులోని కణాలు మాత్రం ఎక్కువ భాగం బతికే ఉంటాయి. మెదడు కణం ఒక్క వాకిలి దగ్గరే చెయ్యి చాపదు, అది పదిళ్ల భిక్ష. అక్కడ బీడీఎన్‌ఎఫ్ చేసేది ఎక్కువగా కాపురం చక్కదిద్దే పని: కణం ఎన్ని కొమ్మలు వేయాలి, ఏ రెండు కణాల మధ్య జంక్షన్ గట్టిపడాలి. చక్రం మీద పరుగెత్తే ఎలుకల మెదడులో అది పెరుగుతుందని 1990ల్లో చూశారు. దాన్నే మాత్రల్లో ఇస్తామంటూ ఫోన్లో ప్రకటనలు వస్తే నవ్వుకోండి. మింగిన ప్రొటీన్ పొట్టలో కందిపప్పులాగే అరిగిపోతుంది. పొద్దున్నే నడవండి, అది ఉచితం.

ఎన్‌జీఎఫ్‌కీ మెదడులో పని ఉంది. మెదడు అడుగున, ముందువైపు ఒక చిన్న గుంపు నాడీకణాలున్నాయి. జ్ఞాపకానికీ ధ్యాసకీ అవసరమైన అసిటైల్‌కోలిన్‌ని మెదడు పైపొరకంతా పంచేవి అవే. వాటి చేతులు పైపొర దాకా సాగి, అక్కడి నుంచి ఎన్‌జీఎఫ్ ముద్ద తెచ్చుకుంటాయి. అల్జీమర్స్‌లో బాగా దెబ్బతినేవాటిలో ఈ గుంపు ఒకటి.

అయితే పోసేద్దాం, అంటారు మీరు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

1990ల్లో స్టాక్‌హోమ్‌లో పోశారు. పుర్రెకి రంధ్రం చేసి, సన్నని గొట్టం మెదడు మధ్యలోని నీటిగదిలోకి దింపి, పంపుతో ముగ్గురు రోగులకి. ఆ మంచం మీద మీరున్నారనుకోండి. మొదట్లో ఏదో మెరుగు అన్నారు. తర్వాత నడుము నొప్పి. మందు ఎక్కినకొద్దీ నొప్పి. బరువు తగ్గింది. ఆపండి అంటారు మీరు. ఆపారు. ఆలోచిస్తే తెలిసేదే. మొదటి గుడ్డులో మనం చూసిన చర్మపు నాడీకణాలు కూడా ఆ ముద్దనే తింటాయి, అవి మోసేది నొప్పిని. నీటిగదిలో పోసింది వెన్ను దాకా పారి వాటిని లేపింది.

తర్వాత జన్యువునే సూదితో ఆ గుంపు దగ్గర దింపి చూశారు. 2018లో ఫలితం చెప్పారు: రోగుల మతిమరుపులో తేడా రాలేదు. చనిపోయినవారి మెదళ్లు పరీక్షిస్తే, దింపిన జన్యువు చేరాల్సిన కణాలని సరిగా చేరనే లేదు. నెత్తురులో ఎక్కించడమూ కుదరదు, మెదడుకి కాపలా కాసే రక్తనాళాల గోడ ఇంత పెద్ద ప్రొటీన్‌ని దాటనివ్వదు. పిండం మాత్రం ఈ పని తప్పకుండా చేస్తుంది, ఏ సూదీ లేకుండా, కావలసిన కణం వేలికొసకి కావలసినంతే.

రీటాకీ కోహెన్‌కీ 1986లో నోబెల్ ఇచ్చారు. అప్పటికి ఆమెకి 77. 2012 చివర్లో రోమ్‌లో పోయేనాటికి 103.

ఇప్పుడు చివరిసారి తల వెనక్కి వాల్చండి. మీ కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో నాడులు చచ్చిపోయాయి. నలక పడినా తెలియడం లేదు, పుండు మానడం లేదు. రెప్ప ఎత్తి పట్టుకోండి. చుక్క పడింది. చల్లగా ఉంది. అది మనిషి ఎన్‌జీఎఫ్, బ్యాక్టీరియా చేత తయారుచేయించింది. 2017లో యూరప్, 2018లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చాయి. కంటిపొర పైనే ఉంది, నాడీ కొసలు చుక్కకి అందుతాయి, అందుకే పనిచేస్తోంది. రెండేసి గంటలకి ఒక చుక్క, రోజుకి ఆరు, ఎనిమిది వారాలు.

మెదడుకి అలాంటి చుక్క ఇంకా లేదు.